పలకనివాళ్ళ జాబితా

పింఛను ఆఫీసులో గాజు అద్దానికి అవతల కూర్చున్న గుమాస్తా తల వంచుకునే మాట్లాడాడు. ఇక్కడ చేరిన మీకు అదేం పెద్ద విషయం కాదు. అతను తల ఎత్తినా దించినా మాట మీ చెవిన పడుతుంది. మాకు పడదు. నేత మిల్లులో ముప్పై ఏళ్ళు మగ్గాల మధ్య నిలబడినవాళ్ళం మేము. మా చెవుల్ని ఆ షెడ్డులోనే వదిలేసి వచ్చాం. మనిషి మొహం కనిపిస్తేనే మాకు మాట తెలుస్తుంది.

కౌంటరు ముందు నిలబడింది నా పక్కమగ్గం. అసలు పేరుతో ఆమెను నేనెప్పుడూ పిలవలేదు. నాది పదిహేడో మగ్గం, ఆమెది పద్దెనిమిదోది, అందుకని పక్కమగ్గం. మూడు నెలలుగా పింఛను ఎందుకు రావడం లేదో అడగడానికి వచ్చింది. నేను తోడు వెళ్ళాను. గుమాస్తా కాగితంతో మాట్లాడుతున్నాడు, ఆమె నా వైపు చూస్తోంది, నాకేమో అతని నడినెత్తి తప్ప ఇంకేమీ కనపడటం లేదు. విసుగొచ్చి అద్దం మీద గట్టిగా కొట్టాను. అప్పుడు మొహం ఎత్తాడు.

"బతికున్నారో లేదో తెలుసుకోడానికి మూడుసార్లు ఫోన్ చేశాం పెద్దమ్మా. పలకలేదు. కొత్త బడ్జెట్‌తో వచ్చిన రూలు ఇది. పలకనివాళ్ళని చనిపోయినట్టు రాసేస్తాం."

"ఆవిడ నీ ఎదురుగానే ఉంది కదయ్యా," అన్నాను.

"నా ఎదురుగా ఉంటే లాభం లేదు. ఫోన్లో పలకాలి."

చెవిటివాళ్ళకు ఫోన్ చేసి, పలకలేదు కాబట్టి చచ్చారన్నారు. ఈ ఆలోచన ఏ బుర్రకు తట్టిందో గానీ దానికి దండం పెట్టాలి.

మీలో విద్యార్థులున్నారు, మీకు తెలియకపోవచ్చు, అందుకే చెబుతున్నాను. షెడ్డులో రెండు వందల మగ్గాలు ఒకేసారి ఆడుతుంటే పక్క మనిషి చెవిలో అరిచినా వినపడదు. అందుకని పెదాలతో మాట్లాడుకునేవాళ్ళం, గొంతు లేకుండా, నోరు కాస్త పెద్దగా కదుపుతూ. కొత్తగా చేరిన పిల్లకు ఆరు నెలల్లో వచ్చేసేది. మేస్త్రీ వీపు వెనక వాణ్ణి ఎన్ని తిట్లు తిట్టామో, పెళ్ళి సంబంధాలు ఎన్ని కుదిర్చామో చెప్పలేను. ఒకసారి సమ్మె కూడా అలాగే మొదలుపెట్టాం. షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు మాట పెదాల మీదుగా పాకింది. మేనేజరుకు సంగతి అర్థమయ్యేలోపు మగ్గాలన్నీ ఆగిపోయాయి.

మిల్లు మూతపడ్డాక ఆ మాట మా ఇద్దరికే మిగిలిందనుకున్నాను. వీధికి ఇటు పక్క మేడ మీద గది నాది, అటు పక్క మేడ మీద ఆమెది. కిటికీలు ఎదురెదురు. మా ఆయన పోయి తొమ్మిదేళ్ళు. కొట్టువాడు నన్ను చూడగానే వేళ్ళతో ధర చూపిస్తాడు. బస్సులో కండక్టరు విసుక్కుంటాడు. చెవులు పోయినవాళ్ళతో జనం మెల్లమెల్లగా మాటలు మానేస్తారు, పాపం వాళ్ళకూ పనులుంటాయి. పొద్దస్తమానం నాతో మాట్లాడేది ఆ కిటికీ ఒక్కటే.

బడ్జెట్ కూడా ఆ కిటికీలోంచే లోపలికి వచ్చింది. గ్యాస్ పెరిగింది, ముసలివాళ్ళకు బస్సు రాయితీ ఎత్తేశారు, ఆసుపత్రిలో ఊరికే ఇచ్చే మందులు ఆపేశారు. ఒకే పొయ్యి మీద వండుకుందాం రావే అన్నాను. పింఛను ఆగిన మనిషి ఇంకొకరి తిండి తింటుందా? "తినేశానే, కడుపు నిండా తిన్నాను," అని కిటికీలోంచి చెప్పేది. ఆమె గదిలో పొయ్యి వెలిగి వారమైందని నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. ఆమె పౌరుషానికి మర్యాద ఇస్తున్నాననుకున్నాను. నేను చేసిన తప్పు అదే. వీధి దాటి వెళ్ళి, చెంప మీద ఒకటిచ్చి తినిపించాల్సింది.

ఒక ఉదయం ఆమె కిటికీ తెరుచుకోలేదు.

మరణ పత్రం కోసం వెళితే, ఈవిడ చనిపోయినట్టు ముందే రాసి ఉంది, మళ్ళీ రాయడం కుదరదన్నారు. ఇంటికొచ్చి కిటికీ ముందు కూర్చుని అలవాటు కొద్దీ ఈ సంగతి ఆమెకే చెప్పాను. బతికుంటే పడీ పడీ నవ్వేది. అటు పక్క తలుపులు మూసే ఉన్నాయి. ఆ తర్వాత వారం రోజులు నేను నోరు కదపలేదు. కదిపి ఎవరితో మాట్లాడను?

ఎనిమిదో రోజున నా పింఛను కూడా ఆగింది. సంఘం ఆఫీసుకి వెళ్ళాను. అక్కడ కార్యదర్శి నూనెడబ్బా ఉన్నాడు. ఒకప్పుడు మగ్గాలకు నూనె పోసేవాడు, ఆ పేరు అలా ఉండిపోయింది. లోపల మా షెడ్డు ఆడవాళ్ళు ముప్పై మంది కూర్చుని ఉన్నారు. అందరూ పలకనివాళ్ళ జాబితాలో చచ్చినవాళ్ళే. ఇన్నాళ్ళూ ఒక్కొక్కరూ ఒక్కో గదిలో, ఇది తన ఒక్కదాని ఖర్మే అనుకుని కూర్చున్నారట. నేనూ అంతేగా.

వాదన జరిగింది. అర్జీ పెడదామన్నారు కొందరు. అర్జీలు పెట్టి పెట్టి చేతులు అరిగిపోయాయన్నారు ఇంకొందరు. మనవరాలి చేత ఫోన్ ఎత్తిస్తే పోయేదానికి ఇంత గొడవెందుకు అంది ఒకామె.

"మనవరాలు లేనిదాని సంగతేంటి? నా పక్కమగ్గానికి ఎవరున్నారు? తిండి లేక పోయింది," అన్నాను.

గదిలో మొహాలన్నీ నా వైపు తిరిగాయి. ఆమె పోయిన సంగతి సగం మందికి తెలియదు.

అప్పుడు నూనెడబ్బా ఒక మాట చెప్పాడు. వచ్చే వారం చట్టసభలో పింఛన్ల మీద చర్చ ఉంది, పైన జనం కూర్చుని చూడటానికి చోటుంది, ప్రతిపక్షం సభ్యురాలు ఒకామె పాసులు ఇప్పిస్తానంది. అయితే అక్కడ ఎవరూ నోరు మెదపకూడదు. చప్పుడు చేస్తే అరెస్టు.

"నోరు మెదపకుండా ఉండటం మనకి రాదు గానీ, చప్పుడు కాకుండా మెదపడం వచ్చు," అన్నాను. చాలా రోజుల తర్వాత అంతమంది ఒకేసారి నవ్వడం చూశాను.

ముప్పై ఒక్క మందిమి వెళ్ళి పై వరసల్లో కూర్చున్నాం. మంత్రి లేచాడు. అర్హులైన ఒక్కరినీ తొలగించలేదన్నాడు. బడ్జెట్ భారం ఏ ఇంటి మీదా పడదన్నాడు. ఆ సభ్యురాలు లేచి, చెవులు వినపడని నేత కార్మికులకు ఫోన్లు చేసి చచ్చిపోయారని రాశారా లేదా అని నిలదీసింది. పరిశీలిస్తామన్నాడు. కూర్చుని, ముందున్న మైకు ఆపేసి, పక్క మంత్రి వైపు తిరిగి నవ్వుతూ ఏదో అన్నాడు.

మైకు ఆపితే తన మాట ఇంకెవరికీ చేరదనుకున్నాడు.

"ఇంకో రెండు చలికాలాలు ఆగితే చాలు. అడగడానికి ఎవరూ మిగలరు."

ముప్పై ఒక్క మందిమీ చూశాం. ఒకరి వైపు ఒకరం తిరిగాం. చూశావా? చూశాను. వరస చివరి దాకా మాట పాకింది, ఆనాటి సమ్మెలో పాకినట్టే. ఎవరూ లెమ్మనలేదు గానీ అందరం లేచాం. మంత్రి అన్న మాటను అన్నది అన్నట్టుగా నేను పైకి అన్నాను. నా గొంతు నాకు వినపడదు. సభ మొత్తం తలెత్తి చూసింది కాబట్టి గట్టిగానే అని ఉంటాను. తర్వాత మిగతా ముప్పై మందీ అదే మాట అన్నారు. మంత్రి మొహం పాలిపోయింది. నేనా మాట అనలేదు అన్నాడు, అదీ చదివాం. కింద విలేకరులు గబగబా రాసుకుంటున్నారు. భటులు వచ్చి మా రెక్కలు పట్టుకున్నారు.

స్టేషన్లో అధికారి రిజిస్టరు ముందేసుకుని తల దించాడు. అతను కలంతో బల్ల మీద కొట్టినప్పుడల్లా ఒకరు పేరు చెప్పాలి. ఒక్కసారి కూడా మొహం ఎత్తలేదు. ముప్పై మంది చెప్పారు. చివర నేను చెప్పాను. మళ్ళీ కలంతో కొట్టాడు. నా పక్కన పద్దెనిమిదో మగ్గం చోటు ఖాళీగా ఉంది. ఆమె పేరు చెప్పాను, అసలు పేరు, ఇన్నేళ్ళలో మొదటిసారి నా నోటితో. తండ్రి పేరు, వయసు, వీధి కూడా చెప్పాను. రాసుకున్నాడు.

నూనెడబ్బా జామీను కాగితం మీద ముప్పై రెండు మందికీ సంతకం పెట్టి మమ్మల్ని తీసుకొచ్చాడు. చచ్చిపోయిందని రాసిన సర్కారే ఇప్పుడు ఆమె మీద కేసు పెట్టింది.

ఇవాళ పొద్దున కూడా ఆమె కిటికీ వైపు చూశాను. ఆ అలవాటు పోదు. ఇదిగో, ఈ మిల్లు గేటు దిమ్మ మీద నేను నిలబడింది మీ మొహాలన్నీ కనపడాలనే. రేపు పది గంటలకు కోర్టులో పేర్లు పిలుస్తారు. ముప్పై రెండో పేరు ఈ కాగితం మీద రాసి ఉంది, చేతులు మార్చుకుంటూ చదవండి. ఆ పేరు పిలిచినప్పుడు మీరంతా పలకాలి. నాకు వినపడదు. నోరు పెద్దగా కదపండి, నేను చూస్తుంటాను.