నెమళ్ల కంచెకు నా చీర

మా ఊరి నెమళ్ల వనం ముందు అటవీశాఖ వాళ్లు పెద్ద బోర్డు పెట్టారు. అందులో మా అత్త ముత్తవ్వ పేరు లేదు. నా చీర సంగతి అసలే లేదు.

నేను కాపురానికొచ్చేనాటికి అది నర్సింగ్ రావు దొర కంచె, నలభై ఎకరాల చిట్టడవి. నక్సలైట్ అన్నలు అందులో ఎర్రజెండా పాతాక దొర జగిత్యాలకు మకాం మార్చాడు. జెండా ఉన్న భూమిలో ఎవరూ గొడ్డలి వేయకూడదు. దాంతో చెట్లు పెరిగాయి, నెమళ్లు చేరాయి. మా అత్తకు నాకన్నా ఆ నెమళ్లే ముద్దు.

రెండు వానాకాలాలకు జెండా చివికిపోయింది. ఊళ్లో గొడ్డళ్లు నూరడం మొదలైంది. మా అత్త ఊరుకుంటుందా? నా పెనిమిటి మొగిలి దుబాయి నుంచి పంపిన ఎర్రచీర తీసి, లోపలి చెంగున మూరెడు చింపి, జెండాకర్రకు కట్టి వచ్చింది.

"నీ కొడుకు నాకు పంపిన చీర గదా అత్తా," అన్నాను, కోపం ఆపుకోలేక.

"నెమళ్లు గుడ్లు పొదుగుతున్నయే. కుచ్చిళ్లల్ల పోతది, ఎవ్వలకు కనవడది," అంది.

ఏటా ఒక మూరెడు పోతూనే ఉంది. నేనూ ఏటా సణుగుతూనే ఉన్నాను.

చీర చింపడం మొదలైన మూడో ఏడు పోలీసులు జెండా పీకేశారు. కడుతున్నది ముత్తవ్వేనని ఎవరో చెప్పారట, అత్తను ఠాణాకు తీసుకుపోయారు. అన్నలతో సంబంధం లేదని రెండు రోజులు బతిమాలాను. ఎవరూ వినలేదు.

మూడోనాడు పొద్దున్నే అదే చీర జరీకొంగు బారెడు చింపి, గడ్డికి పోయినట్టు పోయి, కంచెలో కొత్త కర్ర పాతి కట్టాను. అక్కణ్ణుంచి ఠాణాకు పోయి కూర్చున్నాను, కాసేపటికి జెండా కబురు వచ్చింది.

"ముసల్ది ఈడ కూసుంటే జెండా ఎవడు కట్టిండు?" అని ఎస్సై జవాన్ల మీద విరుచుకుపడ్డాడు. మధ్యాహ్నానికల్లా అత్తను వదిలేశారు.

ఆమె ఇంటికి రానేలేదు, నేరుగా కంచెకు నడిచింది. వెనకే నేను. కర్ర మీద జరీ పువ్వులు మెరుస్తుంటే గుర్తుపట్టింది.

"కొంగు సింపినవేందే పిచ్చిదానా? లోపలి దిక్కు సింపకపోయినవా?"

"నెమళ్ల కోసమైతే లోపలి దిక్కే సింపుదును. గిది నీ కోసం అత్తా."

చెట్లలో నెమళ్లు అరుస్తున్నాయి. మా అత్త నా మొహమే చూస్తూ నిలబడింది.