కనకవల్లి బొట్టుబిళ్ళ

నేను ఒక చార్టును. మైదా జిగురుతో అతికించిన రెండు డ్రాయింగ్ షీట్లే నా ఒళ్ళు. సముద్రం ఒడ్డు హైస్కూల్లో, తొమ్మిదో తరగతి గోడకు వేలాడుతుంటాను. పిల్లల ఉపవాచకం నవలలో ఇరవై ఆరుగురు మనుషులు. ఎవరు ఎవరికి ఏమవుతారో గుర్తుండక పిల్లలు తాతను మనవడికి బావమరిదిని చేసేస్తుంటే, తెలుగు చెప్పే హైమవతి టీచర్ తల పట్టుకుని నన్ను తయారుచేసింది. పేర్లు రాసి గీతలు కలిపింది. భర్త ఉన్న ఆడవాళ్ళ పేర్ల పక్కన ఎర్ర బొట్టుబిళ్ళలు అంటించింది. కథలో ఎవరి భర్తయినా పోతే, ఆ రోజు వంతు వచ్చినవాళ్ళు లేచి బిళ్ళ పీకెయ్యాలి. పిల్లలకు అదొక సరదా. కాగితం మీది చావులకు మనుషులు భలే తొందరపడతారు.

ఆ సోమవారం నవలలో భద్రయ్య పోయాడు. అతని భార్య కనకవల్లి బిళ్ళ తీసే వంతు నూకరత్నానిది. ఆ పిల్ల తండ్రి పడవ మీద చేపల వేటకు వెళ్ళి అప్పటికి తొమ్మిది రోజులు. మధ్యలో పట్టిన తుపాను వెలిసినా ఆ పడవ ఒక్కటే తిరిగి రాలేదు. పట్నం నుంచి బస్సులో వచ్చిపోయే టీచరుకు ఆ సంగతి తెలియదు. పిల్లలందరికీ తెలుసు. కానీ సముద్రం మీదున్న మనిషి గురించి ఆ ఊళ్ళో చెడు మాట నోట రానివ్వరు.

నూకరత్నం బిళ్ళ అంచున గోరు పెట్టింది. కొద్దిగా లేపి ఆగిపోయింది. నాకూ భయం వేసింది.

"నేను తియ్యనండి టీచర్," అంది.

ఎందుకని అడిగితే చెయ్యి వెనక్కి దాచుకుంది. క్లాసులో ఒక్కరూ నవ్వలేదు. టీచర్ విసుక్కుని, తర్వాత తీద్దువుగాని పొమ్మంది.

కానీ గోరు తగిలి అంచు లేచిపోయింది. ఉప్పుగాలి వీచినప్పుడల్లా బిళ్ళ రెపరెపలాడేది. ఊడిపోతుందేమోనని నాకు ఒకటే దడ. పట్టుకుందామంటే నాకు చేతులా? నూకరత్నం పాఠం వినడం మానేసి దానివంకే చూస్తూ కూర్చునేది.

గురువారం మధ్యాహ్నం, పాఠం జరుగుతుండగానే, అది ఊడి కింద పడింది. నూకరత్నం ఒక్క అంగలో వచ్చి తీసి, నాలుకతో తడిచేసి, నాకు అంటించి బొటనవేలితో అదిమి పట్టుకుంది. వెళ్ళి కూర్చోమంటే కదలలేదు.

"వదిలితే పడిపోద్దండి."

అప్పుడు ముందు బెంచీ పిల్ల లేచి వెళ్ళి, పడవ సంగతి టీచర్ చెవిలో చెప్పింది. హైమవతి టీచర్ ముఖం పాలిపోయింది. ఎలాంటి పని ఎవరికి చెప్పానా అని ఆమె హడలిపోయింది. గోడ దగ్గరికొచ్చి పిల్ల వేలి పక్కన తన వేలు పెట్టింది.

"నువ్వెళ్ళి కూర్చో తల్లీ. నేను పట్టుకుంటాను."

ఆ వేలు చల్లగా ఉంది. పడవ కబురు మాత్రం ఇంకా లేదు. టీచర్ రెండో చేత్తో నవల అందుకుని, భద్రయ్య పోయిన చోటు వదిలేసి, మొదటి పేజీ తీసి గట్టిగా చదవసాగింది. మొదటి పేజీలో భద్రయ్యకు ఇంకా పెళ్ళి కూడా కాలేదు.