పుల్లీ తీసి చూడు బావా

మా తమ్ముడు ఆ రోజు సుత్తి వాడాడా, లేదా? ఈ ఒక్క సందేహాన్ని నేను ఏళ్ళ తరబడి మోశాను. సాయంత్రం దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు ఇంట్లోవాళ్ళ ఆరోగ్యం గురించి అడిగాక, చివర్లో ఇది కూడా అడిగేదాన్ని. వాడలేదని తేలితే తప్పు మా ఆయనది. వాడాడని తేలితే మా తమ్ముడు అబద్ధాలకోరు. రెండింట్లో ఏది నిజం కావాలని కోరుకోవాలో నాకే తెలిసేది కాదు. అందుకే దేవుడు కూడా ఏమీ తేల్చకుండా ఊరుకున్నాడేమో.

మా ఇంటి ముందు భాగమే షెడ్డు. మా ఆయన పాత కార్లు బాగుచేస్తారు. మా పెళ్ళయిన కొత్తలో తమ్ముడు పని నేర్చుకోవడానికి వచ్చి మా దగ్గరే ఉండిపోయాడు. వాడిది మరీ నిదానం. ఒక నట్టు విప్పితే దాన్ని తుడిచి, గుడ్డ మీద వరసలో పెట్టి, ఆ తర్వాతే రెండో నట్టు మీద చెయ్యి వేసేవాడు. మా ఆయన వాడికి నత్త అని పేరు పెట్టారు.

"ఒరేయ్ నత్తా, నువ్వు బిగించేలోపు ఈ బండాయనకి మనవలు పుట్టేస్తారు."

"పుడితే మంచిదే కదా బావా. వాళ్ళ బళ్ళు కూడా మన దగ్గరికే వస్తాయి."

ఇద్దరూ రోజంతా ఇలాగే వాదులాడుకునేవాళ్ళు. వంటింట్లో నాకు అది రేడియో విన్నట్టు ఉండేది.

పాత కార్లలో స్టీరింగ్ తేలిగ్గా తిరగడానికి ఒక పంపు ఉంటుంది. బెల్టు తగులుకునే చక్రం, అంటే పుల్లీ, ఆ పంపు షాఫ్టు మీద బిగుతుగా ఎక్కి కూర్చుంటుంది. మా దగ్గరికి వచ్చే బళ్ళలో చాలావాటికి దాన్ని పట్టి ఉంచే నట్టు ఉండదు, బిగుతే దాని పట్టు. తీయాలంటే పుల్లర్‌తో లాగాలి. ఎక్కించాలంటే షాఫ్టు నడి బెజ్జంలో మర బోల్టు దించి, దాని మీది నట్టు తిప్పుతూ మెల్లగా లోపలికి నొక్కాలి. ఆ ఓపిక లేనివాళ్ళు సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తారు. పుల్లీ ఎక్కుతుంది, కానీ ఆ దెబ్బ షాఫ్టు వెంట లోపలికి పోయి పంపు కడుపు పాడై నూనె కారుతుంది, నూనె తగ్గితే స్టీరింగ్ బిగుసుకుంటుంది. ఇదంతా నాకు మా తమ్ముడే చెప్పాడు. లేతు మిషను దగ్గర కూర్చుని, కొలతలు చెప్పి, లాగేదీ నొక్కేదీ రెండూ ఉన్న ఆ పనిముట్టు జత వాడే చేయించుకున్నాడు. దాన్ని నూనెగుడ్డలో చుట్టి, తల దగ్గర పెట్టుకుని పడుకునేంత అపురూపం వాడికి.

అప్పుడే డ్రాయింగు మాస్టారి బండి వచ్చింది. స్టీరింగ్ పంపు కారుతోంది. నూనెని ఆపే రబ్బరు రింగు, అంటే ఆయిల్ సీలు, పాతది పీకి మా ఆయన కొత్తది పెట్టారు. ఇంకో ఇంజను విప్పి ఉండటంతో, పుల్లీ ఎక్కించమని పంపుని తమ్ముడికి ఇచ్చారు. మాస్టారికి బడి వేళవుతోంది, గుమ్మంలో నిలబడి చేతి గడియారం చూసుకుంటున్నారు. నేను సరుకులకి బయటికి వెళ్ళి వచ్చేసరికి బండి వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే ఒక సందు మలుపులో మాస్టారి స్టీరింగ్ ఉన్నట్టుండి బిగుసుకుంది. బండి గేటు స్తంభాన్ని గుద్దింది. ఆయన కుడి మణికట్టు విరిగింది. బొమ్మలు వేసే చెయ్యి.

బండిని తాడు కట్టి లాక్కొచ్చారు. పంపు చుట్టూ నూనె. మా ఆయన మొహం మాడిపోయింది.

"సుత్తితో కొట్టావు కదూ."

"లేదు బావా. నా పనిముట్టుతోనే ఎక్కించాను."

"మాస్టారు తొందరపెడుతుంటే కొట్టి ఉంటావు. నువ్వు నిదానంగా చేస్తే ఆయన బడికి ఎలా అందుకున్నాడు?"

"పుల్లీ తీసి చూడు బావా. తీసి చూసి అప్పుడు తిట్టు."

"తీసేదేముంది. కారడం కళ్ళకి కనబడుతూనే ఉందిగా."

పంపుని పుల్లీతో సహా ఊడదీసి, బెంచీ కింద రేకు డబ్బాలో పడేశారు. పాత సామాన్లవాడి దగ్గర ఇంకో పంపు దొరికితే తెచ్చి బిగించారు. ఆయన కోపం అక్కడితో ఆగినా బాగుండేది. పక్క షెడ్డువాళ్ళు అడిగితే నవ్వుతూ, మా సుత్తి డాక్టరు వైద్యం అన్నారు. ఆ మాట ఆయన నోరు దాటాక ఇక ఆయనది కాకుండా పోయింది. విడి సామాన్ల కొట్లో కుర్రాళ్ళు కూడా మా తమ్ముణ్ణి చూసి, రా డాక్టరు, సుత్తి ఎన్నో నంబరు కావాలి అనేవాళ్ళు.

వాడు బట్టలు సర్దుకున్న రోజు షెడ్డులో నిలబడి ఒక్కటే అడిగాడు.

"నా పనిముట్టు ఇచ్చెయ్ బావా."

మా ఆయన బండి కింద పడుకుని ఉన్నారు. తల బయట పెట్టలేదు.

"ఈ బండి అయ్యాక పంపిస్తాలే."

పంపలేదు. ఆ బండి అయ్యాక ఇంకో బండి వచ్చింది. తమ్ముడు కొన్నాళ్ళు సొంతంగా చిన్న షెడ్డు పెట్టాడు. వాడి పేరుకి ముందే సుత్తి డాక్టరు అన్న పేరు అక్కడికి చేరింది. చివరికి షెడ్డు తలుపులు మూసి, స్కూలు వ్యానుకి డ్రైవరుగా చేరాడు. మా రెండిళ్ళ మధ్య రాకపోకలు ఉండేవి. బావాబావమరుదులు మాత్రం, ఏం బావా, ఏం లేదురా, ఇంతే. నువ్వెవర్ని నమ్ముతున్నావక్కా అని వాడు నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. నన్ను ఇరకాటంలో పెట్టడం ఇష్టం లేకనే అడగలేదని నాకు తెలుసు. అడిగి ఉంటేనే నాకు తేలికగా ఉండేదేమో.

మొన్న మాస్టారి బండి మళ్ళీ వచ్చింది. అదే బండి. అప్పుడు బిగించిన పంపు కూడా అరిగిపోయింది. కొత్త పంపు తెప్పించాం, దానికి పుల్లీ రాదు, పాతదే మార్చుకోవాలి. పాతదాని అంచు చూస్తే ఒకచోట చిట్లి ఉంది. బెల్టు వేస్తే కోసేస్తుంది. మా ఆయన కాసేపు దాన్నే తిప్పుతూ కూర్చున్నారు.

"బెంచీ కింద రేకు డబ్బా లాగవే."

"ఏ డబ్బా?"

"అదే. మాస్టారి పాత పంపు ఉందిగా, దానికి పుల్లీ ఉంటుంది."

నేను అది ఎప్పుడో తుక్కు కింద పోయిందనుకున్నాను. ఏటా షెడ్డు సర్ది, మంచి ఇనుము కూడా తీసేసే మనిషి దాన్నెందుకు ఉంచారో నాకు ఇప్పటికీ తెలియదు. పారేయడానికీ, తీసి చూడటానికీ రెంటికీ మనసు రాలేదేమో.

ఏడాదిగా ఆయన కుడి భుజం పైకి లేవడం లేదు. స్పానరు తిప్పే పని నాది, చెప్పే పని ఆయనది అయింది. పంపుని వైసులో బిగించాం. ఆయన తమ్ముడి పుల్లర్ తెచ్చారు. దాని రెండు చిప్పల్నీ పుల్లీ మెడ చుట్టూ ఉన్న గాడిలో కూర్చోబెట్టి, మీద తొడుగు వేశారు.

"ఇప్పుడు నడి బోల్టు తిప్పు. అది షాఫ్టుని అటు నెడుతుంది, పుల్లీ ఇటు వస్తుంది. తొందరపడకు."

"మీరు చెప్పేది చూస్తే మా తమ్ముడే గుర్తొస్తున్నాడు."

నేను బరువంతా వేసి తిప్పాను. ముందు కదల్లేదు. తర్వాత కిర్రుమంది. వెంట్రుకవాసి చొప్పున జరుగుతూ జరుగుతూ పుల్లీ నా చేతిలోకి వచ్చేసింది.

దాని వెనక ఎండిన నూనె, బెల్టు పొడి కలిసి నల్లగా అట్ట కట్టి ఉన్నాయి. ఆయన కిరసనాయిలు గుడ్డతో తుడిచారు. తుడిచి, లైటు దగ్గరికి పట్టమన్నారు. పట్టాను. షాఫ్టు చుట్టూ ఉన్న రబ్బరు సీలు పెదవి ఒక పక్క లోపలికి మడత పడి ఉంది. చొక్కా కాలరు వెనక మడత పడితే మనకి కనబడనట్టు, ఇన్నేళ్ళూ పుల్లీ చాటున అది అలాగే ఉంది.

"ఇది పెట్టేటప్పుడే మడత పడింది" అన్నారు ఆయన. "సీలు పెట్టింది నేను."

"మరి సుత్తి?"

ఆయన మర బోల్టు తీసుకుని షాఫ్టు బెజ్జంలో రెండు వేళ్ళతో తిప్పారు. అది ఎక్కడా పట్టకుండా అడుగు దాకా దిగిపోయింది.

"దెబ్బ తగిలి ఉంటే ఈ మర నోరు నలిగేది. చూడు, పుల్లీ మొహం మీద కూడా ఒక్క గాటు లేదు."

నేను అడిగిన దానికి దేవుడు జవాబు దాచాడా, లేక మా షెడ్డులో బెంచీ కిందే పెట్టి మేం వంగుతామని చూశాడా? నాకు అర్థం కాలేదు. ఇద్దరిలో ఒకరిది తప్పని తేలితే బరువు దిగుతుందనుకునేదాన్ని. దిగలేదు.

మాస్టారు బయట స్టూలు మీద కూర్చుని ఉన్నారు. మా ఆయన వెళ్ళి ఆయన ముందు నిలబడ్డారు.

"మాస్టారూ, ఆనాటి తప్పు నాదండి. మా బావమరిదిది కాదు."

మాస్టారు కుడి మణికట్టు రుద్దుకున్నారు.

"ఆ అబ్బాయి అప్పుడే ఆస్పత్రికి వచ్చాడు" అన్నారు. "నేను కొట్టలేదు సార్ అన్నాడు. నమ్ముతున్నానయ్యా అన్నాను. నేను నమ్మితే వాడికి ఒరిగిందేముంది, నమ్మాల్సింది మీరు."

ఆ మధ్యాహ్నమే మేమిద్దరం తమ్ముడి ఇంటికి వెళ్ళాం. వాడు వ్యాను అద్దాలు తుడుస్తున్నాడు. ఒక్కో అద్దం మూలల దాకా తుడిచి, గుడ్డ మడత మార్చి, అప్పుడు రెండోదానికి వెళుతున్నాడు.

"పుల్లీ తీసి చూశాన్రా" అన్నారు మా ఆయన.

వాడి చెయ్యి ఆగలేదు.

"ఏం కనబడింది?"

"నా సీలు మడత పడింది."

"మడత పడితే కారుతుంది" అన్నాడు వాడు, ఎవరిదో బండి గురించి చెప్పినట్టు. ఆ అద్దం పూర్తిచేశాడు. అప్పుడు మా వైపు తిరిగాడు. "ఇంతసేపు పట్టిందేంటి బావా. నన్ను కదా నత్త అనేవాడివి."

నవ్వుతాడేమోనని వాడి మొహం చూశాను. నవ్వలేదు. మా ఆయన గుడ్డలో చుట్టిన పనిముట్టు జత చాచారు.

"ఆ పుల్లీ నువ్వే వచ్చి ఎక్కించరా."

"నేను ఆ పని మానేశాను బావా."

"నాకు భుజం తిరగట్లేదు."

"అక్క తిప్పుతుందిగా." వాడు గుడ్డ విప్పకుండానే దాన్ని ఆయన చేతిలోకి మెల్లగా తోశాడు. "తీసుకెళ్ళు. ఆ బండి అయ్యాక ఇవ్వు."

ఇంటికొచ్చి కొత్త పంపుని వైసులో బిగించాం. ఆయన మర బోల్టు దించారు, నేను నట్టు తిప్పాను. పుల్లీ తిన్నగా ఎక్కుతోందా లేదా అని ప్రతి చుట్టుకీ ఆపించి వేలు పెట్టి చూశారు. షాఫ్టు కొనా, పుల్లీ మొహమూ సమంగా వచ్చాక చాలన్నారు. అదంతా తొందర లేకుండా చేశాం. బెల్టు వేసి, నూనె పోసి, స్టీరింగు అటూ ఇటూ తిప్పి చూస్తే చప్పుడు లేదు, చుక్క కారలేదు. మాస్టారు ఎడమచేత్తో బండి తలుపు వేసుకుని వెళ్ళిపోయారు.

పనిముట్టు రేపు పంపిద్దామా అన్నాను. ఆయన ప్రతి ముక్కా విడిగా తుడిచి, మరల్లో నూనె రాసి, కొత్త గుడ్డలో చుట్టారు. ఆ రాత్రే ఎడమ చంకలో పెట్టుకుని తమ్ముడింటికి నడిచి వెళ్ళారు. నేనూ వెనకే వెళ్ళాను.

తమ్ముడు అప్పుడే భోంచేసినట్టున్నాడు, చెయ్యి తుడుచుకుంటూ వచ్చాడు. గడప మీద కూర్చుని గుడ్డ విప్పాడు. రెండు చిప్పలు, తొడుగు, నడి బోల్టు, మర బోల్టు, దాని నట్టు. ఒక్కొక్కటీ తీసి చూసి, గుడ్డ మీద వరసలో పేర్చాడు. మా ఆయన వాడి ముందు నిలబడే ఉన్నారు.

"అన్నీ ఉన్నాయి బావా" అన్నాడు వాడు.