నాలుగుచోట్ల ఉన్న పుస్తకం

లైబ్రరీలో అందరూ ఆవిడని వెనకాల కామా మేడమ్ అనేవారు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు. పుస్తకం వివరాల్లో ఒక్క కామా తప్పినా ఆవిడకి ఆ పూట అన్నం సయించేది కాదు. చుట్టుపక్కల లైబ్రరీలు నాలుగూ కలిసి ఉమ్మడి కేటలాగు పెట్టుకున్నప్పుడు, నియమాలు రాయడానికి కూర్చున్నవాళ్ళలో అందరికన్నా గట్టిగా వినిపించింది ఆవిడ గొంతే. ఒక పుస్తకానికి ఒకటే రికార్డు ఉండాలి, ముందు ఎవరు రాస్తే అదే మిగతావాళ్ళు వాడుకోవాలి అంది. "ఒకే పుస్తకానికి నలుగురు కూర్చుని నాలుగు రకాలుగా రాయడం దండగమారి పని కాదూ?" అని అడిగితే ఎవరు మాత్రం కాదంటారు? అదే ప్రెస్సువాళ్ళు మళ్ళీ అచ్చువేసినా సరే, కొత్త రికార్డు అక్కర్లేదన్న మాట కూడా ఆవిడదే.

అలమరాల్లో చోటు చాలక ఇంకో నియమం కూడా పెట్టుకున్నారు. మిగతా మూడు లైబ్రరీల్లోనూ ఉందని కేటలాగు చూపిస్తే, ఎవరూ అడగని పుస్తకాన్ని నిశ్చింతగా తీసిపారేయొచ్చు. వినడానికి ఎంత బాగుందో చూడండి. ఆ రోజు అందరూ చప్పట్లు కొట్టారు.

కామా మేడమ్‌తో పాటు ఇంట్లో ఉండేది పిన్ని ఒక్కతే, వాళ్ళమ్మకి ఆఖరి చెల్లెలు. ఈమధ్య పిన్నికి మతిమరుపు ముదిరింది. కళ్ళజోడు ఫ్రిజ్‌లో పెట్టి ఇల్లంతా వెతకడంతో మొదలైన వ్యవహారం, చనిపోయిన అక్కని భోజనానికి పిలిచేదాకా వచ్చింది. వయసులో ఉన్నప్పుడు పిన్ని కథలు రాసింది. అన్నీ కలిపి ఒకే ఒక్క పుస్తకం వచ్చింది. అందులో ఆఖరి కథ తన కూతురు చిట్టి గురించి. చిట్టి బడికి వెళ్ళే వయసు కూడా రాకుండానే జ్వరంతో పోయింది. ఫొటో అయినా తీయించలేదు. పుస్తకం మళ్ళీ అచ్చుకి వెళ్ళినప్పుడు, "ఆ కథ కంటబడితే నేను బతకలేను, తీసెయ్యండి బాబూ" అని పిన్నే ప్రెస్సాయన్ని బతిమాలింది. కాగితం కలిసొస్తుందని ఆయన సంతోషంగా తీసేశాడు.

ఒక సాయంత్రం పిన్ని ఉన్నట్టుండి అడిగింది.

"ఏమే, పడుకోబోయే ముందు చిట్టి రోజూ నాతో ఒక మాట అనేది. ఏమిటే అది?"

"నాకేం తెలుసు పిన్నీ? నేనప్పుడు హాస్టల్లో ఉన్నాను కదా."

"నాకు గుర్తు రావట్లేదే. దాని మొహం ఎలాగూ పోయింది, మాట కూడా పోతోంది. ఆ కథలో రాశాను. ఒక్కసారి చదివి వినిపించవే."

పిన్ని దగ్గరున్న కాపీలు అడిగినవాళ్ళకల్లా ఇచ్చేయగా ఒక్కటీ తిరిగి రాలేదు. ప్రెస్సు మూతపడి ఏళ్ళయింది. అయినా కామా మేడమ్ కొంచెం కూడా తడుముకోలేదు.

"దానికేం భాగ్యం పిన్నీ! నాలుగు లైబ్రరీల్లో ఉంది. తెచ్చేస్తాగా."

మర్నాడు తన లైబ్రరీలో అలమరా దగ్గరికి వెళ్ళి పుస్తకం తీసింది. నీలం అట్ట, తెల్లటి కాగితం. రెండో అచ్చు. విషయసూచికలో చిట్టి కథ లేదు. మొదటి అచ్చు సంగతి అప్పుడు గుర్తొచ్చింది. పుటలు పసుపెక్కి కుట్లు ఊడిపోతుంటే, కొత్తది వచ్చింది కదా అని తీసేశారు. తీసేయమని సంతకం పెట్టింది తనే. రెండూ ఒకటే రికార్డు, అంటే రెండూ ఒకటే పుస్తకం. నియమం ప్రకారం పని శుభ్రంగా జరిగింది.

ఇంకా మూడున్నాయి కదా అని సర్దుకుని పెద్ద లైబ్రరీకి ఫోన్ చేసింది. అక్కడా నీలం అట్టే. కాలేజీ లైబ్రరీ ఆయన మంచివాడు, స్వయంగా మెట్లెక్కి వెళ్ళి చూసొచ్చి, "చాలా నీట్‌గా ఉంది మేడమ్, పాతది మార్చేశాం" అని గొప్పగా చెప్పాడు. ఆవిడ థాంక్స్ చెప్పి పెట్టేసింది.

ఇక మిగిలింది కొండ మీది లైబ్రరీ. అక్కడ పనిచేసే అమ్మాయి పుస్తకం పేరు వినగానే గుర్తుపట్టింది.

"మా దగ్గర పాతదే ఉండేది మేడమ్. గోధుమరంగు అట్ట. కొత్తది మేం కొననే లేదు."

"హమ్మయ్య! ఉండేది అంటున్నావేంటమ్మా? ఉందా?"

"తీసేశాం మేడమ్. మీ మూడుచోట్లా ఉందని చూపించింది కదా. మొన్న వేసవిలోనే పాతకాగితాల బండికి వేసేశాం."

"మరి కేటలాగులో మీ దగ్గర ఇంకా ఉన్నట్టే ఉందే!"

"అయ్యో, మర్చిపోయుంటాం. సారీ మేడమ్, ఇప్పుడే సరిచేస్తాను."

ఆవిడ ఫోన్ పెట్టేసింది. ఎదురుగా కంప్యూటర్ తెర మీద నాలుగు కాస్తా మూడయింది. ఎవరి మీద అరవాలి? అందరూ ఆవిడ చెప్పినట్టే చేశారు. ఒకరి మీద ఒకరు భారం వేసి నలుగురూ చేతులు దులుపుకున్నారు, అందులో ఆవిడ చేతులు కూడా ఉన్నాయి. ఏడుపొచ్చింది. గదిలో ఇంకో ఇద్దరున్నారని మింగేసింది.

సాయంత్రం నీలం అట్ట పుస్తకమే ఇంటికి తెచ్చింది. వట్టి చేతులతో వెళ్ళడానికి మనసొప్పలేదు. పిన్ని ఆత్రంగా లాక్కుని, అట్ట తడిమి, చివరి పుటలు తిప్పింది. మళ్ళీ తిప్పింది.

"లేదేమే?"

"ఇందులో లేదు పిన్నీ."

పిన్ని పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది.

"అయితే నేనసలు రాయలేదేమోనే. రాశాననుకుంటున్నానేమో."

"అదేం మాట! రాశావు. నాకు బాగా గుర్తు. పుస్తకంలో అన్నిటికన్నా పొడుగు కథ అదే. పేరు 'చిట్టి నిద్ర'. నా చేత్తో రికార్డులో ఎక్కించాను."

పిన్ని మొహం ఒక్కసారిగా వెలిగింది. ముందుకు జరిగి కామా మేడమ్ మోకాలి మీద చెయ్యి వేసింది.

"అమ్మయ్య, నీకు తెలుసన్నమాట! చెప్పు మరి. చిట్టి ఏమనేది?"

కామా మేడమ్‌కి కథ పేరు తెలుసు. ఆ పుస్తకం పొడవెంతో తెలుసు. పుటలెన్నో, బొమ్మలున్నాయో లేదో, అట్ట వేసిందెవరో తెలుసు. రోజూ బల్ల మీదికి కట్టలు కట్టలుగా వచ్చే పుస్తకాల్లో అదీ ఒకటిగా వచ్చింది. పిన్ని పుస్తకమే కదా, ఎక్కడికి పోతుంది, తీరిగ్గా చదువుకోవచ్చులే అనుకుంది. ఆ తీరిక ఈ రోజుదాకా దొరకలేదు.

"చెప్పవే."

"చదవలేదు పిన్నీ," అంది. "నేనది చదవలేదు."

పిన్ని ఆవిడ మొహంలోకి అయోమయంగా చూసింది. కాసేపటికి ఆ చూపు తేలికపడింది. అడిగిందేమిటో, విన్నదేమిటో అప్పుడే చెదిరిపోయాయి. మోకాలి మీది చెయ్యి తీసి, ఆవిడ చెంపలు తుడిచింది.

"ఏడుస్తావెందుకే పిచ్చిదానా? నాలుగు లైబ్రరీల్లో ఉందన్నావుగా. రేపు తీసుకురా."