కాళ్ల మీద పోసిన నీళ్లు

మా బస్తీ పోచమ్మ గుడికి బోనాల ముందు కొత్త గంట పోయించాలని అందరం అనుకున్నాం. పాత గంట పగిలి, కొడితే సత్తుగిన్నె కింద పడ్డట్టు మోగేది. అశోక్‌నగర్ నుంచి నారాయణగూడ దాకా తెలిసిన ఇళ్లన్నీ తిరిగి ఆడవాళ్లమే ఇత్తడి సామాను పోగు చేశాం. చిల్లులు పడ్డ బిందెలు, చెవులు ఊడిన గంగాళాలు, ఎవరి తాతదో పాన్‌దాన్ కూడా వచ్చింది. నేను మా అత్తగారి చెంబు ఇచ్చాను. ఆ చెంబుతో ఆమె నన్ను ఎన్నిసార్లు మొట్టిందో చెప్పడం మొదలుపెడితే ఈ కథ ముందుకు పోదు.

చిక్కడపల్లి సందులో మొగిలయ్యకు ఇత్తడి పోత పోసే షెడ్డు ఉంది. మా పెద్దవాడు ఎల్లేష్ అందులోనే పని చేస్తాడు. ఇత్తడి కరిగే కుండను మూస అంటారు, దాన్ని పట్టడం వాడి పని. ఇంట్లో గలగలా మాట్లాడే వాడు షెడ్డులో అడుగు పెడితే వేరే మనిషి. మేమిచ్చిన ప్రతి గిన్నెనూ పొయ్యి పక్కన పెట్టి బాగా కాగనిచ్చాకే మూసలో వేశాడు. కాస్త తడి ఉన్నా పేలుతుందట.

పోత రోజు పొద్దున తలస్నానాలు చేసి, పూలు పెట్టుకుని వెళ్లాం. ఎల్లేష్ కూతురు అంబిక కూడా అశోక్‌నగర్ కోచింగు మానుకుని నా వెంట వచ్చింది. వాడు మమ్మల్ని గుమ్మంలోనే ఆపాడు.

“అమ్మా, పోసేటప్పుడు లోపటికి ఎవ్వరు రావద్దు. బయటనే ఉండుండ్రి.”

మొగిలయ్య నవ్వాడు. “అరె, అమ్మవారి గంటరా. ఆడోళ్లను బయట నిలబెడితే తల్లి ఊకుంటదా? రా వదినె, గోడ పొంటి నిలబడుండ్రి.”

“ఏమన్న అయితే ఎట్లనే మొగిలన్న?”

“ఏమైతది? నీకు మీసం రాకముందుసంది పోస్తున్న.”

యజమాని మాట, వాడేం చేస్తాడు. మమ్మల్ని గోడ వారగా నిలబెట్టి, ముందు సుద్దముక్కతో గీత గీశాడు. అది దాటొద్దన్నాడు. నా పక్కన రామమ్మ నిలబడింది. గుడిలో రోజూ దీపం పెట్టేది ఆమే. ఎల్లేష్‌ను చిన్నప్పుడు చంకనేసుకుని తిప్పిన మనిషి. గుడి నుంచి నేరుగా వచ్చింది కాబట్టి చేతిలో చెంబు ఉంది, అందులో వేపాకులు వేసిన పసుపు నీళ్లు. ఎప్పుడూ ఉండేదే కదా, ఎవరం పట్టించుకోలేదు.

మూసను పొయ్యిలోంచి తీసి, పొడుగు పిడులున్న ఇనుప కడియంలో కూర్చోబెట్టారు. ముందు ఎల్లేష్, వెనక మొగిలయ్య ఎత్తారు. లోపలికి చూస్తే ఎండలోకి చూసినట్టు నా కళ్లు మూసుకుపోయాయి. ఎవరో మెల్లగా “తల్లీ” అన్నారు. ఇద్దరూ ఒకే అడుగు వేస్తూ, గంట అచ్చు వైపు పోతూ గీత ముందుకు వచ్చారు.

బోనం ఎత్తుకుని వచ్చే మనిషి కాళ్ల మీద మేం నీళ్లు పోస్తాం. తల్లి ఒంట్లో ఉంటుంది, వేడి దిగాలని. చిన్నప్పటి నుంచి చేస్తున్న పని, చెయ్యి దానంతటదే లేస్తుంది. రామమ్మ చెయ్యి లేచింది. గీత దాటలేదు. నిలబడ్డ చోటు నుంచే వంగి, ఎల్లేష్ కాళ్ల మీద చెంబెడు నీళ్లు గుమ్మరించింది.

వాడు అదిరిపడ్డాడు. మూస అంచు నుంచి చింతగింజంత బొట్టు తడి నేల మీద పడింది.

టపాకాయ అనడానికి లేదు. ఆ చప్పుడు నాకు చెవుల్లో కాదు, పళ్లలో వినబడింది. రవ్వలు గోడకు కొట్టుకున్నాయి. నా కొంగుకు చిల్లు పడిందని తర్వాతెప్పుడో చూసుకున్నాను. అప్పుడు కనబడిందల్లా నా కొడుకు, వాడి కాళ్ల కింద తడి, చేతుల్లో నిండు మూస. చింతగింజకే ఇంతైతే, అది జారితే గోడ వారన మాలో ఎవరూ మిగలం. వాడి మోకాలి కింద ప్యాంటు కాలి పొగ వస్తోంది.

“మొగిలన్న, ఇడువకు,” అన్నాడు, నిద్రపోయే పిల్లల దగ్గర మాట్లాడినట్టు.

“ఇడువ.”

“ఎనుకకు నడువు. ఇసుక మీదికి. తొందరొద్దు.” తల తిప్పకుండానే, “అమ్మా, అందరిని బయటికి తీస్కపో. ఉరకకుండ్రి,” అన్నాడు.

నేను కదల్లేదు. “నడువు నానమ్మా,” అని అంబిక నా భుజం పట్టి లాక్కుపోయింది. గుమ్మం బయట నుంచి చూస్తూనే ఉన్నాను. వాళ్లు వెనక్కి ఒక్కో అడుగే వేసి, పొడి ఇసుక మీద మూసను దించారు. మొగిలయ్య అక్కడే కూలబడ్డాడు. ఎల్లేష్ కుంటుతూ బయటకు వచ్చి, నీళ్ల డ్రమ్ము పక్కన కూర్చుని, కాలిన ప్యాంటు చింపాడు. లోపల తోలు లేదు.

“నీళ్లు పొయ్యుండ్రి. ఆగకుండ పొయ్యాలె.”

ఎవరం ముందుకు పోలేదు. డ్రమ్ము నిండా ఉన్న నీళ్లను చూసి అందరం వెనక్కి జరిగాం. కన్నతల్లిని, నేనూ జరిగాను.

రామమ్మ చేతిలో ఖాళీ చెంబు అలాగే ఉంది. “నువ్వు సల్లగుండాలని పోసిన కొడుకా.”

“ఎరుకే చిన్నమ్మ. ఇప్పుడు పొయ్యి.”

“మల్ల పేలితే?”

“ఇది కాలే. ఇత్తడి గాదు.”

ఆమె డ్రమ్ములో చెంబు ముంచింది. మొహం పక్కకు తిప్పుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, వాడి కాలి మీద పోసింది. ఏమీ కాలేదు. మళ్లీ ముంచింది. మొగిలయ్య లేచి వెళ్లి ఆటో తెచ్చేదాకా పోస్తూనే ఉంది, ముంచిన ప్రతిసారీ అడుగుతూనే ఉంది.

“పొయ్యాల్నా బిడ్డ?”

“పొయ్యి,” అంటున్నాడు వాడు, పళ్లు బిగబట్టి.