ముత్యాలు ముందు వంగిన సూదులు

ఇది డెబ్బై ఎనిమిదో తొమ్మిదో నాకు కచ్చితంగా గుర్తు లేదు. ఫిషింగ్ హార్బర్ అప్పటికి కొత్తదేనన్నది మాత్రం నిజం. మిగిలినదాంట్లో ఎంత చూశానో, ఎంత విన్నానో, విన్నదాన్నే చూసినట్టు ఎప్పటినుంచి అనుకుంటున్నానో తేల్చుకోలేను. వాసన ఒక్కటే చెదరలేదు: కుళ్ళిన రొయ్యపొట్టు, మంచు మీద కప్పిన తడి రంపపు పొట్టు, కాంపౌండరు గదిలోంచి వచ్చే పుల్లటి చీము వాసన.

చిలకమ్మ తెల్లవారకముందే ఐసు ఫ్యాక్టరీ నుంచి హార్బరుకు మంచుదిమ్మలు తోలేది. బండి లాగేది ముత్యాలు అనే పొట్టి ఆడగుర్రం. ఆ ఎండాకాలం రెండు బండిగుర్రాలు ఏదో రక్తపు జబ్బుతో చచ్చిపోయాయి. రక్తపరీక్ష కాగితం లేని గుర్రం నెలాఖరు తర్వాత గేటు దాటడానికి వీల్లేదని ఐసు కాంట్రాక్టరు చెప్పేశాడు. గేటు దాటని గుర్రాన్ని కొనేవాడు ఆ చుట్టుపక్కల ఒక్కడే; వాడు తోలు కోసం కొనేవాడు.

చదువురాని చిలకమ్మ లెక్కంతా ఒక పాత వలతాడు మీద ఉండేది. రూపాయికో ముడి. పరీక్షకు పది ముడులు. రక్తం తీసే జగ్గారావుకు మూడు. కడుపుతో ఉన్న కోడలు దేముడమ్మకు అదే జగ్గారావు పొడిచే బలం సూదికి మూడు. అతడు పశువుల కాంపౌండరుగా చేసి మానేసినవాడు. పొద్దున్న పశువులకూ, సాయంత్రం తన అరుగు మీద మనుషులకూ సూదులు వేసేవాడు.

ముత్యాలుకు సూది పడదు. మెడకు ఆనగానే సూది ఉడికిన సేమియాలా వేలాడిపోయేది. ఇందులో ఎవరికీ వింత కనబడలేదు. కొన్ని గుర్రాలు తన్నుతాయి, కొన్ని కరుస్తాయి, ఇది సూదిని వంచుతుంది. వంగిన సూదికల్లా జగ్గారావు రెండు రూపాయలు పుచ్చుకునేవాడు. మర్నాటికి అది దానంతటదే నిటారయ్యేది. దాన్నే మళ్ళీ తెచ్చేవాడు.

మూడోసారీ వంగింది.

“మల్లీ రెండా బాబూ? ఇది నిన్నటి సూదే కదేటి!”

“నీ గుర్రానికి బయమైతే నానేటి సేత్తానే? పైసలెట్టు. లేపోతే తోలోడికి కబురెట్టు,” అని జగ్గారావు ముక్కు చీది, అదే చేత్తో దూది తీశాడు.

చిలకమ్మ తాడు తడుముకుంది. ఈ రెండూ ఇచ్చాక, పరీక్షకూ, రక్తం తీసినందుకూ, కోడలికీ పోను మిగిలేవి రెండు ముడులే. ఇంకొక్క సూది వంగితే ముత్యాలు దక్కదు. పెద్దాసుపత్రి ఎదుట మందుల షాపులో కొత్త సూది రూపాయిన్నర. శుభ్రత ఆలోచించి కాదు, అర్ధరూపాయి కలిసొస్తుందని కొంది. షాపువాడు మరిగించమన్నాడు కనుక టీ గిన్నెలో మరిగించింది.

నాలుగోసారి ముత్యాలు తనంతట తానే మెడ చాపింది. సూది సూదిలాగే ఉంది. గాజు గొట్టం నిండింది.

“బయం పోనాది దీనికి,” అన్నాడు జగ్గారావు చిరాగ్గా. పందెం వేసినట్టు తన పెట్టెలోంచి పాత సూది తీసి ఆనించాడు. అది వేలాడిపోయింది.

చిలకమ్మ మొదటిసారి ఆ పెట్టెలోకి చూసింది. తుప్పు. మట్టిరంగు దూది. సూదుల మొదళ్ళలో ఏ మనిషిదో, ఏ గొడ్డుదో ఎండిన రక్తం. దాని మీద ఈగ. గుర్రం పై పెదవి ఎత్తి పళ్ళు బయటపెట్టింది. చిలకమ్మ మొహమూ అచ్చం అలాగే అయింది.

“బయం కాదు బాబూ,” అంది. “అసయ్యం.”

ఆ సాయంత్రం దేముడమ్మ తల దువ్వుకుని బయల్దేరింది.

“ఎక్కడికే?”

“బలం సూదికి, అత్తా. నువ్వే కదా డబ్బులెట్టినావు.”

“ముత్యాలు వద్దన్నది నీకెందుకే? కూకో. ఆ మూడు రూపాయిలకీ గుడ్లు తెత్తాను.”

“గుర్రం నాకు వైద్యం సెప్తాదేటి?” అని నవ్వి, గుడ్ల మీది ఆశతో కూర్చుంది.

కాగితం వచ్చింది. ముత్యాలు గేటు దాటింది. రెండు నెలలకు మా వీధిలో కళ్ళు పచ్చబడటం మొదలైంది, జగ్గారావు అరుగెక్కినవాళ్ళ ఇళ్ళలోనే. కొందరు తేరుకున్నారు. శ్రావణంలో దేముడమ్మకు ఆడపిల్ల పుట్టింది. తల్లి కళ్ళూ బిడ్డ కళ్ళూ తెల్లగా ఉన్నాయి.

కావాలనే వదిలేసినది ఒకటుంది: దేముడమ్మ వెళ్ళని ఆ సాయంత్రం జగ్గారావు అరుగు మీద వరసగా కూర్చున్నవాళ్ళ పేర్లు. గుర్తు లేక వదల్లేదు. అదే మధ్యాహ్నం జగ్గారావు పెట్టె సంగతి చిలకమ్మ కుళాయి దగ్గర చెబుతుంటే, గుర్రం చెప్పిందట అని పగలబడి నవ్వినవాణ్ణి నేనే. వరసలో మూడో పేరు మా అక్కది.