అరనిమిషం ముందు

మూడో పోటుకు కొబ్బరికాయ డొక్క ఊడింది. లోవరాజు ఒలిచిన కాయను పోగు మీదకు విసిరి, ఇంకోటి అందుకున్నాడు. పదేళ్ల కిందట రెండు పోట్లకే ఊడేది. నేలలో పాతిన గునపం అదే. కాయలూ అవే. భుజమే మారింది.

తల పక్కన వెదురు గుంజకు వేలాడుతున్న రేడియో హిందీలో గబగబా ఏదో అంది. లోవరాజు కళ్లు మూసుకున్నాడు.

“వచ్చేడు, వేసేడు, కోసేడండీ. కాటా పక్కనుంచి జారి డొక్కల గుట్టెక్కేసింది. నాలుగు.”

మలికిపురం కొబ్బరి కొట్టులో కాయలు ఒలిచే పద్దెనిమిది మందికీ అది చాలు. స్లిప్పులో ఉండేవాళ్లు కాటా దగ్గర నిలబడతారు. కీపరు గుమాస్తా గది కిటికీ కింద. బౌలరు లారీ గేటు వైపునుంచి పరిగెత్తుకొస్తాడు. బావి దాటితే సిక్సరు. ఆ మైదానం లోవరాజు మాటలతో వేసింది. అతను ఏ స్టేడియమూ చూడలేదు.

మస్కట్‌లో పదకొండేళ్లు రోడ్డు పని చేశాడు. గదిలో అందరూ బీహారు వాళ్లు. తొంభై నాలుగులో తిరిగొచ్చినప్పుడు తెచ్చుకున్నవి మూడే: హిందీ, రేడియో, నడుం నొప్పి. కొట్టులో చేరిన రెండో వారమే ఏదో మ్యాచ్ వచ్చింది. పక్కవాడు అడిగితే తెలుగులో చెప్పాడు. పద్దెనిమిది గునపాలు ఒక్కసారి ఆగాయి. అప్పటినుంచీ చెబుతూనే ఉన్నాడు.

కళ్లు మూసుకుని చెప్పేవాడికి చెయ్యి ఆడదు. అందుకని ఓవరు పూర్తవగానే ఎవరో ఒకరు తాము ఒలిచిన కాయలు నాలుగు అతని పోగు మీదకు విసిరేవారు. వంతులు వాళ్లే పెట్టుకున్నారు. వాటికి చెప్పుడు కాయలని పేరు. ఎవరూ దాన్ని సాయం అనుకోలేదు. లోవరాజూ అనుకోలేదు.

ఈ మధ్య మ్యాచ్ లేని రోజున అతని పోగు మిగతావాళ్ల పోగులో సగం కూడా ఉండటం లేదు. ముసలాయన్ని ఇంకా ఎందుకు ఉంచామని షావుకారు రెండుసార్లు అడిగాడట. గుమాస్తా సాయిబాబే ఆ మాట చెప్పి, టెస్టు మ్యాచ్ జరిగే ఐదు రోజులూ గండం లేదులే బాబాయ్ అని నవ్వాడు.

ఇది ఐదో రోజు. రెండు వేల పదో సంవత్సరం.

మధ్యాహ్నం భోజనాలయ్యాక సాయిబాబు కిటికీ తలుపులు బార్లా తెరిచి, కంప్యూటరు తెరను బయటికి తిప్పాడు. కొబ్బరి ధరలు చూడటానికి ఆ వారమే షావుకారు ఇంటర్నెట్ పెట్టించాడు. తెర మీద పచ్చటి మైదానం. తెల్లబట్టల మనుషులు. బొమ్మ మధ్యమధ్యలో ఆగి, గిర్రున తిరిగే చక్రం ఒకటి వచ్చి, మళ్లీ కదులుతోంది. గునపాలు వదిలి అందరూ కిటికీ కింద చేరారు.

“ఇందులో బావి ఏదండీ?” అన్నాడు సూర్యనారాయణ. లోవరాజు పక్క గునపం అతనిదే. అందరూ నవ్వారు. లోవరాజు కూడా నవ్వాడు.

అంతలో రేడియో కేక పెట్టింది.

“అవుటండీ” అన్నాడు లోవరాజు. “కాటా దగ్గరోడు పట్టేసేడు.”

తలలు తెర వైపు తిరిగాయి. అక్కడ బ్యాట్స్‌మన్ నింపాదిగా గ్లవుజు సర్దుకుంటున్నాడు. బౌలరు ఇంకా వెనక్కి నడుస్తున్నాడు. అరనిమిషం గడిచాక బంతి పడింది, ఎగిరింది, స్లిప్పులోవాడు పట్టాడు. ఎవరూ కేక వెయ్యలేదు. అప్పటికే తెలిసిపోయిన చావు అది.

బొమ్మ ఎక్కడెక్కడో చుట్టూ తిరిగి వస్తుందని, రేడియో తిన్నగా వస్తుందని సాయిబాబు వివరించాడు. తర్వాతి వికెట్టూ అలాగే అయ్యేసరికి అతని ముఖంలో నవ్వు పోయింది.

“బాబాయ్, చివర్న హంతకుడెవడో ముందే చెప్పేస్తే ఇంక సినిమా ఎందుకండీ? కాసేపు అది కట్టెయ్యండి.”

లోవరాజు సూర్యనారాయణ వైపు చూశాడు. అతను తెర వైపు చూస్తున్నాడు.

“ఆయ్” అని ఒప్పుకున్నాడు లోవరాజు.

రేడియో కట్టెయ్యలేదు. గుంజ మీదనుంచి దించి, గొంతు బాగా తగ్గించి, కిటికీ పక్కన నిలబడి చెవికి ఆనించుకున్నాడు. నాలుగు గంటలయింది. ఇంకొక్క వికెట్టు పడితే గెలుపు మనవాళ్లదే. కొట్టులో గునపం చప్పుడు లేదు.

చెవిలో కేక పేలింది. అయిపోయింది. గెలిచారు.

అతని నోరు తెరుచుకుంది. పదహారేళ్ల అలవాటు నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగించి ఆపాడు. కళ్లు మూసుకుని చెప్పే పని లేదు కాబట్టి మొదటిసారి వాళ్ల ముఖాలు చూశాడు. నోళ్లు వెళ్లబెట్టుకుని, మెడలు సాచి, పీచు అంటిన చేతులు గుండెల మీద పెట్టుకుని పద్దెనిమిది మంది ఎదురుచూస్తున్నారు. తను చెప్పినప్పుడూ ఇలాగే ఉండేవారా? ఉండేవారేమో. కళ్లు మూసుకుని ఉండేవాడు, తెలియదు.

అరనిమిషం. అప్పుడు వాళ్లు ఎగిరారు.

సందడి తగ్గి ఎవరి చోటికి వాళ్లు వచ్చారు. సూర్యనారాయణ నాలుగు కాయలు లోవరాజు పోగు మీదకు విసిరాడు. అది చూసి వెనకవాడూ విసిరాడు. తర్వాత ఇంకొకడు. పోగు పెరుగుతోంది.

“ఇయ్యేంటండీ?” అన్నాడు లోవరాజు.

“చెప్పుడు కాయలు, బావా.”

“నేనేం చెప్పలేదు కదండీ.”

సూర్యనారాయణ తల వంచుకున్నాడు. “ఉంచు బావా. షావుకారు గారు పోగులు చూత్తారు.”

లోవరాజు లేచాడు. కాయ ఒలిచేటప్పుడు పైన వదిలే పీచు పిలక ఒక్కొక్కరిది ఒక్కో తీరు. సూర్యనారాయణది గుర్రం తోకలా పొడుగు. వెనకవాడిది పొట్టి. పిలకలు చూసి ఒక్కొక్క కాయే తీసి, ఎవరిది వాళ్ల పోగు మీద పెట్టి వచ్చాడు. విసరలేదు. అన్నీ అయ్యాక అతని పోగు మోకాలెత్తు కూడా మిగల్లేదు.

బావి దగ్గర కాళ్లు చేతులు కడుక్కుని, అక్కడే కూర్చుని రేడియో వెనక మూత తెరిచాడు. తర్వాత రేడియో తువ్వాల్లో చుట్టి చంకన పెట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లాడు. రేపట్నించి రానని, షావుకారు గారికి చెప్పమని నెమ్మదిగా అన్నాడు. సాయిబాబు ఆఖరి వికెట్టును మళ్లీ చూసుకుంటున్నాడు. తెరమీంచి కళ్లు తిప్పకుండానే “ఆయ్” అన్నాడు. ఆ మాట అతని బుర్రకెక్కేసరికి లారీ గేటు దగ్గర ఎవరూ లేరు.

మర్నాడు పొద్దున్నే సూర్యనారాయణ నీళ్లు తోడటానికి వెళ్లాడు. బావి గట్టు మీద, తొలి ఎండ పడేచోట, లోవరాజు రేడియోలోని రెండు బ్యాటరీలు పక్కపక్కన నిలబెట్టి ఉన్నాయి. ఎండకు పెడితే ఇంకో పూట బతుకుతాయి. వాటిని ముట్టుకోకుండా, తడి తగలకుండా, చేద దూరంగా జరిపి నీళ్లు తోడుకున్నాడు. పదకొండింటికి గట్టు మీద నీడ పడింది. ఎవరో వాటిని ఎండలోకి జరిపారు.